కోటులో నెరిసిన వెంట్రుకలు

"ఊడిన వెంట్రుక పనికిరాదమ్మాయ్, పుటుక్కున తెగుతుంది. పీకిందే కావాలి."

నేను కాపరానికి వెళ్ళిన మూడో నెలలో మా అత్తగారు అన్న మాట ఇది. దువ్వెనకి చిక్కుకున్న జుట్టు విడదీసి సూదిలోకి ఎక్కించబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది. నా తల తనవైపు తిప్పుకుని, ఎడమ చెవి వెనక నుంచి పొడుగాటి వెంట్రుక ఒకటి ఎంచుకుని, చూపుడు వేలికి రెండు చుట్లు చుట్టి, చటుక్కున లాగింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఒక్కదానికే ఏడిస్తే ఎలా? ఇంకా ముప్ఫై కావాలి" అంది. అవి యుద్ధం రోజులు. బట్టకి కూపను, దారానికి కూపను. నల్లదారమైతే కూపను ఉన్నా దొరికేది కాదు. మా ఆయనకి ఉన్నది ఒకే ఒక్క నల్ల ఉన్ని కోటు. అది మామగారిది, ఆయన పోయాక కొడుకు కొలతకి తగ్గించారు. కోర్టులో గుమాస్తా కాబట్టి ఒంటిమీద కోటు లేకుండా గడప దాటేవాడు కాదు. నోట్లో సిగరెట్టు లేకుండా కూడా దాటేవాడు కాదు. ఆ రెండింటి మధ్యా నేను ఇరుక్కున్నాను.

ఏడాదికి రెండు చిల్లులు ఖాయం. సాయంత్రం వచ్చి గుమ్మంలో నిలబడి రెండుసార్లు గొంతు సవరించుకునేవాడు. అది నన్ను పిలవడం. నాకూ ఒక పేరుండేది కానీ ఆ ఇంట్లో దానితో ఎవరికీ పని పడలేదు. కోటు విప్పకుండానే, నిప్పురవ్వ కాల్చిన చిల్లులోంచి చిటికెన వేలు బయటికి పెట్టి, ఆ వేలు నా మొహం ముందు ఆడించి, "ఇది కనిపించకూడదు" అనేవాడు. అంతే. అరిచేవాడు కాదు, చెయ్యి చేసుకునేవాడు కాదు. మా అక్కతో చెప్పుకోబోతే "కొట్టడు, తాగడు, ఇంకేం కావాలే నీకు?" అని నా నోరే మూయించింది. నిజమే, ఏం చూపించను? ఒంటిమీద ఒక దెబ్బ లేదు.

చిల్లు చుట్టూ మాడిన పోగులు కత్తిరించి, నిలువు పోగులోంచి ఒకటి, అడ్డపోగులోంచి ఒకటి వెతుక్కుంటూ, మగ్గం మీద నేసినట్టే వెంట్రుకతో నేసుకుంటూ రావాలి. దీన్నే రఫూ అంటారు. కుట్టినట్టు తెలియకూడదు, అదే దాని గొప్ప. అయిపోయాక ఆయన కోటును కిటికీకి అడ్డంగా పట్టుకుని వెలుతురులో చూసేవాడు. తరవాత వాళ్ళమ్మకిచ్చి "ఎక్కడుందో పట్టుకో చూద్దాం" అనేవాడు. ఆవిడ కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి ఇట్టే పట్టేసేది. పట్టేస్తే మళ్ళీ మొత్తం విప్పాలి, మళ్ళీ నా చెవి వెనక్కి చెయ్యి పోవాలి. మోచేతి మీది చిల్లుని నాలుగుసార్లు విప్పాను. ఒక్కసారి మాత్రం, నాకు బాగా గుర్తు, అత్తగారు వేలు సరిగ్గా రఫూ మీదే పెట్టి, పెట్టినచోటే ఉంచి, "నాకేం తగల్లేదురా" అంది. ముసల్దానికి వేళ్ళు మొద్దుబారాయనుకుని లోపల సంతోషించాను.

చుట్టాలొస్తే కోటు తట్టి చూపించేవాడు. "పదిహేనేళ్ళ సరుకు. ఎక్కడైనా చిన్న చిరుగు చూపించండి" అనేవాడు. వాళ్ళు చూసి, లేదని తలలూపి, మంచి బట్ట అని మెచ్చుకునేవాళ్ళు. నేను మంచినీళ్ళ గ్లాసులు పట్టుకుని పక్కనే నిలబడి ఉండేదాన్ని. ఐదో ఏడు వచ్చేసరికి నా ఎడమ చెవి వెనక రూపాయి బిళ్ళంత మేర జుట్టు రావడం మానేసింది. అది ఆయన కంట పడ్డ రోజున నాకెందుకో చిన్న ఆశ పుట్టింది. ఏమంటాడో అని చూశాను. "జడ ఇటు తిప్పుకుని వేసుకో. ఇది కనిపించకూడదు. నలుగురూ చూస్తే నన్నంటారు" అన్నాడు. ఆ రోజు ఆయన్ని మనసారా అసహ్యించుకున్నాను. ఇన్నేళ్ళలో పైకి చెప్పడం ఇదే మొదటిసారి.

ఏడేళ్ళ కాపరంలో ఆ కోటుకి పధ్నాలుగు రఫూలు చేశాను. తరవాత ఊరంతా విషజ్వరాలు పాకాయి. ముందు అత్తగారు, పది రోజులకి ఆయన. పాతబట్టలు కొనేవాడు గుమ్మంలోకి వచ్చినప్పుడు అన్నిటికన్నా ముందు కోటు తీసి వాడి మొహాన పడేశాను. బేరం కూడా ఆడలేదు. అయినా ఆ ఇల్లు ఖాళీ చేసిన తరవాత కూడా చాలాకాలం వరకూ, సాయంత్రం వెలుతురు తగ్గే వేళకి, గుమ్మంలో ఎవరో రెండుసార్లు గొంతు సవరించుకున్నట్టు వినబడేది. వినబడగానే నా చెయ్యి చెవి వెనక్కి పోయేది. చెయ్యి దించుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

బట్టలు ఉతికి, రంగువేసి, బాగుచేసి ఇచ్చే దుకాణంలో నాకు పని దొరికింది. ముందు గదిలో యజమాని, బల్ల, గంట. మధ్యలో బరకం లాంటి తెర. వెనక గదిలో కిటికీ దగ్గర నేను, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో ఇస్త్రీ అక్క. "లోపల మా మాస్టారు చేస్తారండీ, చెయ్యి తిరిగిన మనిషి" అని యజమాని ముందుగదిలో చెప్పేవాడు. ఆడమనిషి చేసిందంటే జనం సగం కూలే ఇస్తారట. నన్ను తెర దాటి రావద్దన్నాడు. నాకేం ఇబ్బంది అనిపించలేదు, కనిపించకుండా ఉండటం నాకు బాగా అలవాటైన పని. ఇస్త్రీ అక్క మాత్రం కడుపుబ్బ నవ్వి, ఆ రోజు నుంచి నన్ను "మాస్టారూ" అనే పిలిచేది. "మాస్టారూ, మీసం ఇంట్లో మర్చిపోయొచ్చారా?" అనేది. ఆ పేరు మీదే ఆరేళ్ళు గడిచిపోయాయి.

ఆరో ఏటి చలికాలం మధ్యలో ఒకరోజు యజమాని తెర పక్కకి జరిపి, "జేబు మూతి చిరిగిందట" అంటూ ఒక నల్లకోటు నా ఒడిలో పడేశాడు. నేను కళ్ళతో చూడకముందే ఒడి గుర్తుపట్టింది. ఆ బరువు నాకు తెలుసు. ఎడమ భుజం కొంచెం జారి ఉంటుందని తెలుసు, జారే ఉంది. అస్తరు తిప్పి చూస్తే లోపలి జేబు దగ్గర నేను మూడో ఏట వేసిన మాసిక అలాగే ఉంది. కిటికీ వేసే ఉన్నా నా మెడ వెనక చల్లగా గాలి తగిలింది. ఇస్త్రీ అక్క ఏమైందే అంది. ఏం లేదన్నాను. జేబు కుట్టి పంపేశాను. కుట్టు వంకరపోలేదు, నా వేళ్ళ సంగతి నాకే ఆశ్చర్యం.

కాసేపటికి తెర అవతల ఒక మగగొంతు, మెత్తగా, ఆగి ఆగి మాట్లాడుతోంది. "దీన్ని పాతబట్టల సంతలో కొన్నానండీ. అప్పటికే ఇందులో పదకొండు చోట్ల ఎవరో బాగుచేసి ఉన్నారు. ఆ పదకొండూ చేసిన చెయ్యీ, ఇప్పుడు జేబు కుట్టిన చెయ్యీ ఒక్కటే. మీ మాస్టారిని ఒకసారి చూడొచ్చా?"

"ఆయన ఎవరికీ కనబడరండీ" అన్నాడు యజమాని.

పదకొండు! చుట్టాలందరి కళ్ళూ కలిసి వెతికినా ఒక్కటి దొరకని కోటులో పదకొండు పట్టుకున్న మనిషి ఎలా ఉంటాడో చూడాలనిపించింది. భయం కన్నా ఆ కుతూహలమే పెద్దదైంది. వేలి తొడుగు కూడా తీయకుండా తెర నెట్టుకుని బయటికొచ్చి, "నేనేనండీ మాస్టార్ని. మీరు మూడు వదిలేశారు" అన్నాను. నలభై దాటిన మనిషి, దళసరి కళ్ళజోడు, తలమీద నాలుగంటే నాలుగు వెంట్రుకలు. నన్ను చూసి నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. కోటువైపు చూసి, "మూడా?" అన్నాడు, పరీక్ష తప్పిన పిల్లాడిలా దిగులుగా. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాడట. అచ్చులో దొర్లిన తప్పులు వెతికి వెతికి, ఎవరి కంటా పడనివి చూడటం రోగంలా పట్టుకుందట.

ఆ రోజు యజమాని నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. కళ్ళజోడాయన మాత్రం వారం తిరక్కుండా, మధ్యాహ్నం భోజనాల వేళ, వెనకవైపు కుళాయి దగ్గరికి వచ్చాడు. "పన్నెండోది దొరికిందండీ. కాలరు కింద" అన్నాడు. ఆ పై వారం పదమూడోది. నన్ను ఎవరైనా ఇలా వెతుకుతారని నేను కలలో కూడా అనుకోలేదు. ఆయన నా కుట్టు గురించి మాట్లాడుతుంటే వినడానికి సిగ్గేసేది, ఆగిపోతే కోపం వచ్చేది. చెల్లెళ్ళను పెంచి పెళ్ళిళ్ళు చేసి, తన పెళ్ళి సంగతి మర్చిపోయాడట. "మా మాస్టారి కోసం ఆ కళ్ళజోడాయన కుళాయి అరగదీసేస్తున్నాడే" అనేది ఇస్త్రీ అక్క. ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసులో నేను కుళాయి గట్టు మీద కూర్చుని, పాదాలకి ఎండ తగిలేలా కాళ్ళు చాపుకుని, ఒక మనిషి రాక కోసం ఎదురుచూశాను. కోటు ఎవరిదో ఆయనకి చెప్పలేదు. చెబితే ఆ ఎండ పోతుందేమోనని భయం.

పధ్నాలుగోది దొరికిన రోజున ఆయన మొహంలో గెలుపు లేదు. కోటు విప్పి నా చేతికిచ్చి, "మీకొక సంగతి చెప్పాలి. ఇది నా కంటి గొప్ప కాదు. కొన్నప్పుడు నాకు కనపడ్డవి రెండే. తరవాత ఒక్కొక్కటే వాటంతటవే పైకి తేలుతున్నాయి. చూడండి" అన్నాడు. చూశాను. నల్లటి ఉన్ని మీద, సరిగ్గా నేను అల్లిన చోటల్లా, సన్నని బూడిదరంగు గీతలు. నిలువుగా, అడ్డంగా, చిన్న చిన్న గళ్ళు. "ఏం దారమండీ ఇది, ఇలా వెలిసిపోతోంది?" అన్నాడు. ఉన్ని వెలవలేదు. అందులో ఉన్న నా జుట్టు నెరుస్తోంది. నా తలమీద ఉన్నదానితో పాటే, ఎప్పుడో వేరైపోయి, ఎవడి ఒంటిమీదో తిరుగుతూ కూడా, దానికి ఇంకా నా వయసు తెలుస్తోంది. పీకిన వెంట్రుక మొదట్లో తెల్లటి కుదురు ఉంటే దానికి ప్రాణం ఉన్నట్టేనని అత్తగారు ఒకప్పుడు అన్నమాట గుర్తొచ్చి, కోటు ఆయనకి తిరిగిచ్చేశాను. చేతులు పైటకి తుడుచుకున్నాను.

ఆ రోజు నుంచి నేనూ వెతకడం మొదలెట్టాను. ఆయనలో. కుళాయి దగ్గరికి వస్తూ ఒకరోజు ఎడమ భుజం కొంచెం ఎగరేశాడు, మా ఆయనలాగే. ఇంకోరోజు మాట మధ్యలో చెయ్యి జేబు మీద వేసి తట్టుకున్నాడు. సిగరెట్టు పెట్టె వెతుక్కునే తట్టు అది, ఈయన సిగరెట్టు ముట్టడు. మరో రోజు నేను వెనక్కి తిరిగి గ్లాసు కడుక్కుంటుంటే, నా వీపు వెనక ఎవరో రెండుసార్లు గొంతు సవరించుకున్నారు. గ్లాసు చేతిలోంచి జారి రాయిమీద పడి పగిలింది. చూస్తే ఆయనే. "జలుబు చేసింది" అన్నాడు. ఇస్త్రీ అక్కతో చెబితే, "మగాళ్ళందరూ గొంతు సవరించుకుంటారే. వాళ్ళకదొక గంట. భుజం జారిన కోటు తొడుక్కుంటే ఎవడైనా భుజం ఎగరేస్తాడు. పిచ్చిదానా, మంచి మనిషిని పోగొట్టుకుంటావు" అంది. అక్క చెప్పినదాంట్లో తప్పు లేదు. కానీ అక్క ఆ గుమ్మంలో ఏడేళ్ళు నిలబడలేదు.

ఒక గురువారం వాన పడుతుండగా వచ్చాడు. వెనక వసారాలో ముగ్గురం ఉన్నాం. అక్క గబుక్కున ఏదో పని గుర్తు తెచ్చుకుని లోపలికి పోయింది. ఆయన తలమీది నీళ్ళు తుడుచుకుని, చెప్పడానికి వచ్చింది ముందే బట్టీ పట్టినట్టు గడగడా చెప్పేశాడు. "నాకు రెండు గదులున్నాయి. ఒకదాంట్లో కిటికీ మీ పనికి సరిపోతుంది. మీరు పని మానక్కర్లేదు. నన్ను పెళ్ళి చేసుకుంటారా?" నా ఒళ్ళంతా వెచ్చబడింది. ఔననబోయాను, నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన సంతోషంతో నవ్వుతూ, "రిజిస్టరు ఆఫీసుకి వేసుకోవడానికి ఇదొక్కటే ఉంది నాకు. పొద్దున్న అచ్చుయంత్రం మేకు తగిలింది చూడండి" అని, రొమ్ము దగ్గర కొత్తగా పడ్డ చిరుగులోంచి చిటికెన వేలు బయటికి పెట్టి, ఆడించి, అన్నాడు.

"ఇది కనిపించకూడదు."

వాన చప్పుడు ఆగిపోయినట్టయింది. ఆ గొంతు ఈయనదే, ఆ వేలు ఈయనదే, ఆ మాట మాత్రం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. నా చెయ్యి అప్పటికే చెవి వెనక్కి పోయింది. "కోటు ఇచ్చి వెళ్ళండి, ఆదివారం మా గదికి రండి. అప్పుడు జవాబు చెబుతాను" అన్నాను. ఆ వానలో కోటు లేకుండా వెళ్ళమన్నానని కూడా నాకు తోచలేదు. ఆయన మారుమాట లేకుండా విప్పి ఇచ్చి, తడుస్తూ వెళ్ళిపోయాడు. చేసుకుంటే ఈ మనిషి ఒక్కొక్క రోజే, ఒక్కొక్క గీతే ఆ మనిషిగా తేలతాడు. చేసుకోకపోతే నా గుమ్మంలో ఆ మనిషి ఎలాగూ ఉన్నాడు. ఏదీ కాకుండా ఉండాలంటే కోటు సంగతి తేల్చాలి.

మర్నాడు దుకాణానికి సెలవుపెట్టి, పొద్దున్నే కిటికీ కింద చాప వేసుకుని కూర్చున్నాను. రాత్రి దాన్ని తలుపు వెనక మేకుకి గోడవైపు తిప్పి తగిలించాను. పొద్దున చూస్తే ఎదురుగా ఉంది. గాలికి తిరిగి ఉంటుంది. చిన్న కత్తెర, సూది, పటకారు పెట్టుకుని, మొదట చేసిన రఫూ దగ్గరే మొదలుపెట్టాను. ముడి తెంపి, తెల్లబడ్డ వెంట్రుక కొస పటకారుతో పట్టుకుని లాగాను. ఎడమ చెవి వెనక, జుట్టు లేని ఆ చోట, చురుక్కుమంది. చెయ్యి పెట్టి చూసుకున్నాను, ఏమీ లేదు. రెండోది లాగాను. మళ్ళీ చురుక్కు. ఒక్కొక్కటే పీకిననాటి నొప్పి ఒక్కొక్కటే తిరిగొచ్చింది, ఆనాడు ఏడవనివ్వలేదు కాబట్టి ఇవాళ గట్టిగానే ఏడ్చాను. నా గదిలో నా ఏడుపు నేను ఏడవడానికి ఎవరి అనుమతి కావాలి? మోచేతి దగ్గరికొచ్చేసరికి పొద్దు వాలింది. ఆపి, తలుపు గడియ వేసి, మళ్ళీ శనివారం పొద్దున్న కూర్చున్నాను.

పధ్నాలుగూ విప్పాను. ఒళ్ళో బూడిదరంగు వెంట్రుకల ఉండ ఒకటి తయారైంది. కోటులో పధ్నాలుగు కళ్ళు తెరుచుకున్నాయి. ఇంక అయిపోయిందని దులిపి, వెలుతురుకి అడ్డంగా పట్టుకున్నాను. పాత అలవాటు. అప్పుడు కనిపించింది, వీపు మధ్యలో, నేనెప్పుడూ సూది పెట్టని చోట, ఇంకో గడి. చాలా పల్చగా, నా కుట్టు కన్నా సన్నగా ఉంది. దాని పక్కన ఇంకోటి. చంక కింద మూడు. కాలరు మడతలో ఒకటి. వెతికితే మొత్తం తొమ్మిది. నిలువు పోగు పట్టే తీరు నాదే, చివర ముడి దాచే తీరు నాదే. కానీ నేను కాదు. ఒకటి విప్పి వెంట్రుక లాగాను. నా తలలో నొప్పి లేదు. ఆ వెంట్రుక పాలలా తెల్లగా ఉంది, కొంచెం వంకీ తిరిగి ఉంది. మా అత్తగారిది వంకీల జుట్టు.

ఊడింది పనికిరాదని, పీకిందే కావాలని ఆవిడకి ఎవరు చెప్పారో నేను ఏడేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. మామగారు గుమ్మంలో ఎన్నిసార్లు గొంతు సవరించుకునేవాడో అడగలేదు. ఆవిడ ఎప్పుడూ ముసుగు కుడివైపుకే లాక్కుని ఎందుకు కప్పుకునేదో అడగలేదు. కళ్ళు మూసుకుని తడిమి నా రఫూ పట్టేసేదంటే, ఆ వేళ్ళు తన రఫూల మీద నుంచే నడుచుకుంటూ వచ్చేవి. తనకేమీ తగల్లేదని ఒక్కసారి అబద్ధమాడి నన్ను కాపాడింది. మిగతా పదమూడుసార్లూ కాపాడలేదు. ఆ పదమూడూ నేను క్షమించలేను, ఆ ఒక్కటీ మరిచిపోలేను. ఇన్నేళ్ళూ ఆ కోటులో మా ఆయన ఉన్నాడనుకుని వణికిపోయాను. ఆయన ఏం పెట్టాడు అందులో, చిల్లులు తప్ప? ఉన్నదంతా మేమిద్దరమే. ఆవిడవి తొమ్మిదీ కూడా విప్పి, వాటిని వేరే ఉండగా చుట్టాను.

ఆదివారం మధ్యాహ్నం కళ్ళజోడాయన వచ్చాడు. తలుపు తట్టాడు, గొంతు సవరించుకోలేదు. పలచని చొక్కాతో, చలికి భుజాలు దగ్గరికి ముడుచుకుని ఉన్నాడు. కోటు బల్లమీద పరిచి ఉంచాను. మేకు చిరుగుతో కలిపి ఇరవై నాలుగు చిల్లులు. నేను కూర్చోమనకుండానే చెప్పడం మొదలుపెట్టాను. కోటు ఎవరిది, వెంట్రుకలు ఎవరివి, గుమ్మం, చిటికెన వేలు, కిటికీ, అన్నీ చెప్పాను. చివరికి జుట్టు పక్కకి తీసి, చెవి వెనక చోటు కూడా చూపించాను. మా ఆయన తప్ప మగవాడెవడూ దాన్ని చూడలేదు. ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో చాలాసేపు తుడుచుకున్నాడు.

"పధ్నాలుగు దొరికాయని పొంగిపోయాను. తొమ్మిది వదిలేశానన్నమాట" అన్నాడు. తరవాత, "మొన్న నేనన్న మాట... అది నేనెందుకన్నానో నాకే తెలీదండీ. ఇంటికెళ్ళాక గుర్తు చేసుకుంటే నా మాటలా అనిపించలేదు" అన్నాడు.

"నాకు తెలుసు" అన్నాను. నిజంగా నాకేమీ తెలియదు. కోటు అనిపించిందో, మగవాళ్ళ నోటికి అది ఊరికే వచ్చే మాటో ఇవాళ్టికీ తేల్చుకోలేను.

"నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు.

నా జీవితంలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. సూదిపెట్టె ఆయన ముందుకి జరిపాను. "మీ చిరుగు మీరు కుట్టండి. మిగతావి చలి ఎక్కువైనప్పుడు ఒక్కొక్కటే కుట్టుకోండి. దారంతో" అన్నాను. "మీ జుట్టుతో కుట్టమందామంటే ఆ నాలుగూ ఎందుకు పాడుచెయ్యాలి?" ఆయన తల తడుముకుని నవ్వాడు. ఆ నవ్వు ఎవరిదీ కాదు, ఆయనదే.

సూదిలోకి దారం ఎక్కించడానికే పావుగంట పట్టింది. పెట్టెలో నల్లదారం ఉంది, ఇప్పుడు కూపను కూడా అక్కర్లేదు. ఆయన గోధుమరంగుది తీసుకున్నాడు, నేను వద్దనలేదు. వేలికి రెండుసార్లు గుచ్చుకున్నాడు. ముక్కు గుడ్డకి ఆనేంత వంగి, నాలుక పళ్ళమధ్య పెట్టుకుని, చేపముల్లులాంటి కుట్లు వేశాడు. నేను కాళ్ళు చాపుకుని గోడకి ఆనుకుని చూస్తూ కూర్చున్నాను. ఒకరు నాకెదురుగా కూర్చుని కుడుతుంటే, నేను ఖాళీగా ఉండటం అదే మొదటిసారి. కిటికీలోంచి ఎండ నా పాదాల మీదికి వచ్చింది. చెవి వెనక నొప్పి లేదు.

ముడి వేసి, దారం పళ్ళతో కొరికి, కోటు నా చేతికిచ్చాడు. నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఎప్పుడు తీసుకెళ్ళానో, కోటును వెలుతురుకి అడ్డంగా ఎప్పుడు ఎత్తానో నాకే తెలియదు. ఆ వంకర కుట్టు మీద వేలు పెట్టాను. అప్పుడు నా గొంతులో ఏదో అడ్డుపడింది. సవరించుకోవాలి. ఒకసారి కాదు, రెండుసార్లు. నాలుక చివరన మాట సిద్ధంగా ఉంది: "విప్పు, మళ్ళీ కుట్టు." అది పలకడం ఎంత తేలికో నాకా క్షణంలో తెలిసింది. వెనక నుంచి ఆయన, కొంచెం భయంగా, "కనిపిస్తోందా?" అన్నాడు.

ఆ గొంతు నాకు తెలుసు. అది ఏడేళ్ళ నా గొంతు.

నా గొంతులో ఉన్నదాన్ని మింగేశాను. గట్టిగా, అది మళ్ళీ పైకి రాకుండా. కోటు దించి, ఆయన దగ్గరికి నడిచి, రెండు భుజాలూ పట్టుకుని తొడిగాను. ఇరవై మూడు చిల్లుల్లోంచి ఆయన తెల్లచొక్కా చుక్కలు చుక్కలుగా మెరుస్తోంది.

"కనిపిస్తోంది" అన్నాను. "వీధి చివరిదాకా కనిపిస్తుంది. పదండి, అలాగే వెళ్దాం."